ఫుల్ ఫ్రేమ్‌కు మారే ముందు లెన్సుల లెక్క

తిరుపతిలో పెళ్లిళ్లు, జాతరలు, కొండలు, జలపాతాలు ఫోటోలు తీస్తూ తిరిగే కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) బాడీల్లో, అంటే లెన్సు లేని కెమెరాల్లో, ఏది తీసుకుంటే మంచిదని. జవాబు చెప్పేముందు, ఇప్పుడు మీ దగ్గరున్న లెన్సులేమిటని నేను తిరిగి అడుగుతాను. కెమెరాతోపాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్సు ఒక్కటే ఉందంటే, బాడీ ఆలోచన కొన్నాళ్లు పక్కన పెట్టి ముందు 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనమని చెబుతాను. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా కనిపిస్తుంది; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ద్వారం, అంటే అపర్చర్, పెద్దదిగా తెరుచుకుంటుంది. ఈ మాట విని కొందరు నిరుత్సాహపడతారు. అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే తక్కువ డబ్బుతో మారదలచినవారు బాడీకి ఎంత, లెన్సుకు ఎంత అని ముందే లెక్క వేసుకోకపోతే, ఉన్నదంతా బాడీకే పోసి, దానికి బిగించడానికి సరైన లెన్సు లేక నెలల తరబడి ఆగవలసి వస్తుంది.

వెలుతురును ఫోటోగా మార్చే సెన్సర్ కొలత ఫుల్ ఫ్రేమ్‌లో 36 × 24 మిల్లీమీటర్లు. నికాన్, సోనీల చిన్న సెన్సర్లు, అంటే క్రాప్ సెన్సర్లు, సుమారు 23.5 × 15.6, కెనాన్ క్రాప్ సెన్సర్ సుమారు 22.3 × 14.9 మిల్లీమీటర్లు ఉంటాయి. అంటే వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్ 2.3 నుంచి 2.6 రెట్లు పెద్దది. ఒకే తరానికి చెందిన సెన్సర్లను పక్కపక్కన పెట్టి చూస్తే, తక్కువ వెలుతురులో దీనివల్ల కలిసివచ్చేది ఒక స్టాప్‌కు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) కాస్త పైన మాత్రమే. వెలుతురు చాలనప్పుడు ఫోటోను ప్రకాశవంతం చేయడానికి పెంచే అంకె ఐఎస్ఓ. క్రాప్ కెమెరాలో ఐఎస్ఓ 1600 దగ్గర కనిపించే నాయిస్ (గరుకు చుక్కలు), ఫుల్ ఫ్రేమ్‌లో దాదాపు ఐఎస్ఓ 4000 దగ్గర కనిపిస్తుంది. ఇక లెన్సు సంగతి చూడండి. కిట్ లెన్సు 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 లెన్సు దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది. అది మూడు స్టాపులకు మించిన లాభం. బాడీ మార్చితే వచ్చేదానికి రెండింతలకు పైగా ప్రయోజనం, బాడీ ధరలో చిన్న భాగానికే దొరుకుతున్నదన్నమాట.

ఈ సంగతి నాకు శ్రీనివాస మంగాపురం దగ్గర జరిగిన ఒక పెళ్లిలో అనుభవానికి వచ్చింది. తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో పసుపు రంగు బల్బులు తప్ప వేరే వెలుతురు లేదు. క్రాప్ కెమెరాకు కిట్ లెన్సు బిగించి, ఐఎస్ఓ 6400 పెట్టినా షట్టర్ వేగం 1/60 సెకను దాటలేదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో పెళ్లికూతురి చేయి కొద్దిగా వణికింది, ఫోటోలో వేళ్లన్నీ చెదిరిపోయాయి. పక్కనే ఉన్న సీనియర్ ఫోటోగ్రాఫర్ తన సంచిలోంచి 50 ఎంఎం లెన్సు తీసి ఇచ్చారు. దాన్ని ఎఫ్ 2 దగ్గర ఉంచగానే ఐఎస్ఓను 1600కు దించి, షట్టర్‌ను 1/125కు పెంచడానికి వీలైంది. ఆ తరువాత తీసిన ఫోటోలో తమలపాకు మీది జీలకర్ర గింజలు విడివిడిగా కనిపించాయి, వధువు గోళ్ల మీది గోరింటాకు అంచులు కూడా తేటగా వచ్చాయి. కెమెరా అదే, మండపం అదే, మారింది లెన్సు ఒక్కటే.

అంతమాత్రాన ఫుల్ ఫ్రేమ్ వృథా అని నేననను. మంచి లెన్సు చేతిలో ఉన్నవారికి ఆ అదనపు స్టాపు చాలా విలువైనది. 24 ఎంఎం లెన్సు నిజంగా 24 ఎంఎం దృశ్యాన్నే చూపడం, చంద్రగిరి రాజమహల్ ముందు నిలబడినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో వాడినవారికి తెలుసు; క్రాప్ కెమెరాలో అదే లెన్సుతో భవనం మొత్తం పట్టాలంటే ఇంకా వెనక్కి నడవాలి. వ్యూఫైండర్ పెద్దదిగా, కాంతివంతంగా ఉంటుంది. ముఖాన్ని తేటగా ఉంచి వెనుక మండపం అలంకరణను మెత్తగా కరిగించడం సులువవుతుంది. మీకు కావలసినవి ఇవే అయితే మారండి.

మీకు ఏ లెన్సు కావాలో మీ పాత ఫోటోలే చెబుతాయి

ప్రతి ఫోటో ఫైలులోనూ అది ఎన్ని ఎంఎం దగ్గర తీసిందో నమోదై ఉంటుంది. లైట్‌రూమ్ వాడేవారైతే మెటాడేటా ఫిల్టర్‌లో ఫోకల్ లెంగ్త్ ఎంచుకుంటే, ఏ ఎంఎం దగ్గర ఎన్ని ఫోటోలు తీశారో వరుసగా కనిపిస్తుంది. లేనివారు కంప్యూటర్‌లో ఫోటో ప్రాపర్టీస్ తెరిచి, తమకు బాగా నచ్చిన ఒక వంద ఫోటోల వివరాలు కాగితం మీద రాసుకున్నా సరిపోతుంది. అన్నీ కాదు, నచ్చినవే చూడాలి. ఎందుకంటే తీసి పారేసినవాటి కోసం లెన్సు కొనుక్కోవడంలో అర్థం లేదు.

వచ్చిన అంకెను నికాన్, సోనీ క్రాప్ కెమెరా వాడేవారు 1.5తో, కెనాన్ వాడేవారు 1.6తో హెచ్చించండి. ఫుల్ ఫ్రేమ్ మీద అదే దృశ్యం కావాలంటే ఆ ఎంఎం లెన్సు అవసరమవుతుంది. నికాన్ క్రాప్ కెమెరా మీద 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సుతో తృప్తిగా ఉన్నవారికి ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం సరిపోతుంది. ఇది మంచి వార్త, ఎందుకంటే చాలా కంపెనీల్లో చవకగా దొరికే లెన్సు అదే. క్రాప్ మీద 50 ఎంఎంతో ముఖాలు తీయడానికి అలవాటుపడినవారు మాత్రం 85 ఎంఎం కోసం డబ్బు దాచుకోవాలి. లేకపోతే కొత్త బాడీ మీద పాత 50 బిగించి, ముఖం చిన్నదైపోయిందని దగ్గరికి జరిగి, ముక్కు పెద్దదిగా వస్తోందని బాధపడతారు.

ఉన్న లెన్సుల్లో ఏవి పనికొస్తాయి

క్రాప్ కెమెరాల కోసం చేసిన కెనాన్ వారి ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉన్న) బాడీకి అసలు బిగవవు. నికాన్ వారి క్రాప్ లెన్సులైన డీఎక్స్ రకాలు బిగుస్తాయి గాని, బాడీ తనంతట తానే సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అప్పుడు సుమారు 10 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది. సోనీ ‘ఇ’ మౌంట్ (లెన్సు బిగించే అమరిక) క్రాప్ లెన్సులతోనూ ఇంతే. కొత్త లెన్సు వచ్చేదాకా కొద్దికాలం గడుపుకోవడానికి ఇది పనికొస్తుంది, శాశ్వత ఏర్పాటుగా పనికిరాదు.

అదే సమయంలో, ఫిల్ము కాలంలో వచ్చిన ఆటోఫోకస్ లెన్సులన్నీ దాదాపు ఫుల్ ఫ్రేమ్ లెన్సులే అని చాలామంది మరిచిపోతారు. కెనాన్ ఈఎఫ్ మౌంట్ 1987 నుంచి, నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉన్నాయి. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పాత స్టూడియోల బీరువాల్లో అలాంటివి ఉంటాయి, అడిగి చూడండి. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. నికాన్ ఏఎఫ్-డి రకం లెన్సుల్లో మోటారు ఉండదు కాబట్టి, డి610, డి750 వంటి బాడీలోనే మోటారున్న కెమెరాల మీదే వాటి ఆటోఫోకస్ పనిచేస్తుంది. పాత లెన్సులను కలిపే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) జడ్ బాడీకి బిగిస్తే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. రెండవది, 1977కు ముందటివి, తరువాతి బాడీలకు సరిపడేలా మార్పు చేయని నికాన్ లెన్సులను నేటి డీఎస్‌ఎల్‌ఆర్ బాడీలకు బిగిస్తే మౌంట్ దగ్గరి భాగాలు దెబ్బతినవచ్చు. కెనాన్ ఈఎఫ్ లెన్సులున్నవారికి ఈ ఇబ్బంది లేదు. మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ మౌంట్ బాడీకి మారినా కెనాన్ అడాప్టర్‌తో అవి ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. ఇంట్లో ఇప్పటికే రెండు మూడు ఈఎఫ్ లెన్సులున్నవారు కంపెనీ మార్చాలని ఆలోచించడం డబ్బు దండగ.

బాడీ విషయం

చేతిలో లక్ష రూపాయలుంటే బాడీకి యాభై వేలు మించకూడదనీ, నలభై వేలకు తగ్గకుండా లెన్సులకు ఉంచాలనీ, మిగిలినది కార్డులు, బ్యాటరీ, తేమ తగలని పెట్టె వంటివాటికి కావాలనీ నా అభిప్రాయం. ఈ లెక్కలో ఇమడాలంటే సెకండ్ హ్యాండ్ బాడీ వైపే చూడాలి. అందులో చిన్నతనమేమీ లేదు. 2014లో వచ్చిన నికాన్ డి750, 2012లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ 3, 6డి ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్ నిండా ముద్రించదగిన ఫోటోలు ఇస్తాయి. వీటిలో నన్ను ఒక్కటే ఎంచుకోమంటే డి750 అంటాను. దానిలో నీడలను ఎత్తినప్పుడు, అంటే ఫోటోలోని చీకటి భాగాలను తరువాత ప్రకాశవంతం చేసినప్పుడు, నాయిస్ తక్కువగా బయటపడుతుంది. అదే తరం కెనాన్ బాడీల్లో నీడ భాగాలు ఎక్కువగా ఎత్తితే చారలు కనిపిస్తాయి. డి600 తక్కువకు వచ్చిందని తొందరపడవద్దు. సెన్సర్ మీద మరకలు పడే సమస్య వల్ల అది పేరు పోగొట్టుకుంది, 2013లోనే దాని స్థానంలో డి610 వచ్చింది.

మిర్రర్‌లెస్ కావాలనుకునేవారికి 2019 నాటి కెనాన్ ఈఓఎస్ ఆర్‌పి, 2020 నాటి నికాన్ జడ్5, 2018 నాటి సోనీ ఏ7 మార్క్ 3 సెకండ్ హ్యాండ్‌లో పరిశీలించదగినవి. జడ్5, ఏ7 మార్క్ 3 బాడీల్లో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంది, ఆర్‌పిలో లేదు. ఇతర కంపెనీల చవక లెన్సులు ఎక్కువగా దొరికేది సోనీకే. కెనాన్ ఆర్ఎఫ్ ఫుల్ ఫ్రేమ్‌కు అటువంటి ఆటోఫోకస్ లెన్సులు చాలా తక్కువ. మిర్రర్‌లెస్ కొన్నవారు కల్యాణ మండపాల్లో సైలెంట్ షట్టర్ వాడేముందు ఒకటి రెండు ఫోటోలు తీసి చూసుకోవాలి. ఎల్ఈడీ దీపాల కింద ఫోటోకు అడ్డంగా చారలు పడవచ్చు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి, మామూలు షట్టర్‌తో 1/50 గాని 1/100 గాని పెట్టుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవారికి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. కార్డు చెడిపోతే తాళి కట్టే ఘట్టాన్ని మళ్లీ తీయలేము. అందువల్ల రెండు కార్డులు పట్టే బాడీనే కొనాలి. డి610, డి750, 5డి మార్క్ 3, జడ్5, ఏ7 మార్క్ 3 బాడీలకు రెండేసి స్లాట్లున్నాయి. 6డి, ఆర్‌పి బాడీలకు ఒక్కొక్కటే. సొంత సరదాకు తీసుకునేవారికి 6డి ఎంతో మంచి బేరం, పెళ్లికి ఒంటరిగా తీసుకువెళ్లడానికి కాదు.

లెన్సుల వరుస

మొదటిది 50 ఎంఎం ఎఫ్ 1.8. దీనిమీద చర్చ అక్కరలేదు. కెనాన్ ఈఎఫ్ ఎస్‌టీఎం రకం బరువు 160 గ్రాములే.

రెండవ లెన్సు దగ్గరే మీరు తీసే ఫోటోలను బట్టి దారులు చీలుతాయి. పెళ్లిళ్లు, ముఖాలు ఎక్కువగా తీసేవారికి 85 ఎంఎం ఎఫ్ 1.8 ఉత్తమం, కెనాన్ ఈఎఫ్, నికాన్ ఏఎఫ్-ఎస్ రకాలు రెండూ పాతబడినా పనితనం తగ్గలేదు. అయితే దీనితో రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8 దగ్గర తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. కంటి దగ్గర ఫోకస్ ఉంటే చెవి కమ్మ అప్పటికే మసకబారుతుంది. వధూవరులిద్దరూ కొంచెం ముందువెనుకలుగా కూర్చుంటే ఒకరు మసకలో కలిసిపోతారు. క్రాప్ కెమెరా నుంచి కొత్తగా వచ్చినవారు పెద్ద అపర్చర్ మోజులో ఈ పొరపాటే ఎక్కువగా చేస్తారు. ఇద్దరిని తీసేటప్పుడు ఎఫ్ 4, బంధువులు రెండు వరుసల్లో నిలబడినప్పుడు ఎఫ్ 5.6 లేదా 8 పెట్టి ఫ్లాష్ సాయం తీసుకోండి.

జాతరలు, వీధులు తీసేవారికి 35 ఎంఎం కావాలి. మే నెలలో జరిగే తిరుపతి గంగ జాతరలో తాతయ్యగుంట చుట్టుపక్కల సందుల్లో, జనం భుజాలు తగులుతుండగా, 85 ఎంఎం తీసి పట్టుకునే చోటే ఉండదు. 35తో అయితే వేషధారికి అడుగున్నర దూరంలో నిలబడి కూడా అతని ముఖాన్నీ, వెనుక వీధినీ కలిపి తీయవచ్చు. ఇంకో కష్టం కూడా ఉంది. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల సుద్ద పూసుకుంటారు, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు. మండుటెండలో ఆ తెలుపును కెమెరా తెల్లకాగితంలా కాల్చేస్తుంది. ఎండిన సుద్ద మీద చెమట గీసిన చారలు, వేలి గుర్తులు ఏవీ మిగలవు. ఎక్స్‌పోజర్‌ను స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి, రా ఫైలుగా (కెమెరా కుదించి మార్చని ఫైలుగా) తీసి, నీడలను తరువాత ఎత్తుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌కు పెట్టిన డబ్బు ఇక్కడ కళ్లెదుట తిరిగి వస్తుంది.

అన్నింటికీ ఒకే జూమ్ కావాలనుకునేవారు సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ ఈఎఫ్ 24-105 ఎఫ్ 4 గాని, నికాన్ ఎఫ్ మౌంట్ 24-120 ఎఫ్ 4 గాని చూడండి. రెండింటిలోనూ వణుకును సర్దే ఏర్పాటు ఉంది. అది మన చేతి వణుకునే ఆపుతుందని, తలంబ్రాలు పోసే చేతుల కదలికను ఆపదని గుర్తుంచుకోవాలి. దానికి 1/250 సెకనుకు తగ్గని షట్టర్ కావాలి. ఎఫ్ 2.8 జూమ్ తప్పదనుకుంటే టామ్రాన్ వారివి, సోనీకి 28-75, డీఎస్‌ఎల్‌ఆర్‌లకు 24-70, తక్కువలో వస్తాయి. కెనాన్, నికాన్ వారి సొంత 24-70 ఎఫ్ 2.8 కోసం అప్పు చేయవద్దని మాత్రం వేడుకుంటాను. దానికి పెట్టే డబ్బులో 35, 50, 85 మూడూ వస్తాయి, పైగా మూడూ దానికంటే ఎక్కువ వెలుతురును పట్టుకుంటాయి.

తలకోన వంటి చోట్లకు వెళ్లేవారు బరువు కూడా చూసుకోవాలి. 70-200 ఎఫ్ 2.8 జూములు సాధారణంగా కిలోన్నర దాకా తూగుతాయి. కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్ 4, స్టెబిలైజర్ (వణుకును సర్దే ఏర్పాటు) లేని రకం, 705 గ్రాములు. జలపాతం తీయడానికి ట్రైపాడ్ ఎలాగూ కావాలి కాబట్టి అక్కడ ఎఫ్ 2.8తో పని లేదు.

కొనేటప్పుడు చూడవలసినవి

సెకండ్ హ్యాండ్ లెన్సు కొనడానికి వెళ్లేటప్పుడు చిన్న టార్చి తప్పక తీసుకువెళ్లండి. ముందు వెనుక మూతలు తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వెలుగును ఏటవాలుగా పంపి రెండో వైపు నుంచి చూడాలి. నేను ఒకప్పుడు పైపైన చూసి 85 ఎంఎం లెన్సు కొన్నాను. ఇంటికి వచ్చి టార్చి వేస్తే, లోపలి గాజు అంచున సాలెపురుగు దారాల్లాంటి సన్నని తెల్లని పోగులు చెట్టు కొమ్మల్లా పాకి కనిపించాయి. అది ఫంగస్. అమ్మినవారు తిరిగి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. మెకానిక్ విప్పి తుడిచారు గాని, అది గాజు పూతను అప్పటికే తినేసింది. వెలుతురుకు ఎదురుగా తీసిన ఫోటోలన్నీ పాలు కలిపినట్లు తెల్లబారేవి. ధూళి నలుసులు రెండు మూడు ఉంటే పరవాలేదు. పోగులు కనిపిస్తే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దు.

తరువాత అపర్చర్ రేకుల మీద నూనె తడి ఉందేమో చూడండి. బాడీకి బిగించి, ఒక దినపత్రికను ఏటవాలుగా నిలబెట్టి, మధ్య వరుస మీద ఫోకస్ చేసి పూర్తి అపర్చర్‌లో తీయండి. స్పష్టంగా వచ్చిన వరుస మీరు ఎంచుకున్నది కాకపోతే లెన్సు ముందుకో వెనక్కో ఫోకస్ అవుతున్నట్లు. కొద్ది తేడాను 6డి, డి750 వంటి బాడీల మెనూలో సరిచేసుకోవచ్చు.

బాడీ అయితే అపర్చర్ ఎఫ్ 16కు మూసి, ఆకాశాన్ని గాని తెల్ల గోడను గాని ఫోకస్ లేకుండా తీస్తే సెన్సర్ మీది మరకలు నల్లచుక్కలుగా కనిపిస్తాయి. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటివరకు షట్టర్ ఎన్నిసార్లు పడిందో, అడగండి. నికాన్ బాడీతో తీసిన ఫోటో ఫైలులోనే ఆ అంకె ఉంటుంది. కెనాన్‌కు చాలావరకు కెమెరాను కంప్యూటర్‌కు కలిపి చూడాలి. డి750, 5డి మార్క్ 3 షట్టర్లను లక్షన్నర సార్లకు, 6డి షట్టర్‌ను లక్ష సార్లకు పరీక్షించినట్లు కంపెనీలు చెప్పాయి. అంతకు మించగానే ఆగిపోతుందని కాదు; అంతకు దగ్గరపడిన బాడీకి షట్టర్ మార్పిడి ఖర్చును ధరలోంచి తగ్గించి అడగడం న్యాయం. బిల్లు మీది సీరియల్ నంబరు బాడీ అడుగున ఉన్న నంబరుతో సరిపోలిందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వవద్దు. బిల్లు లేని బాడీని, ఎంత తెలిసినవారైనా, నేను కొనను.

24 మెగాపిక్సెళ్ల రా ఫైలు ఒక్కొక్కటి పాతిక నుంచి ముప్పై ఎంబీ వరకు ఉంటుంది. ఒక పెళ్లిలో మూడు వేల ఫోటోలు తీస్తే 75 నుంచి 90 జీబీ అవుతుంది, దాన్ని రెండు చోట్ల దాచాలి. ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వాన పడుతుంది, ఫంగస్‌కు అదే అనువైన కాలం. లెన్సులను తోలు సంచిలోనో బట్టల బీరువాలోనో పెట్టి మరిచిపోకూడదు. డ్రై క్యాబినెట్ కొనలేనివారు గాలి చొరని పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, తేమను చూపే చిన్న మీటరు పెట్టి, అది 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

పాత క్రాప్ బాడీని అమ్మేసి ఆ డబ్బు కొత్తదానిలో కలుపుదామని అందరికీ అనిపిస్తుంది. పక్షుల ఫోటోలు తీసే అలవాటున్నవారు ఆ పని చేయవద్దు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కట్టుకునే కాలంలో, 70-300 లెన్సు క్రాప్ బాడీ మీద 450 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. 24 మెగాపిక్సెళ్లూ ఆ పక్షి చుట్టూనే ఉంటాయి. ఫుల్ ఫ్రేమ్‌తో తీసి అంతే దగ్గరగా కత్తిరిస్తే మిగిలేది 10 మెగాపిక్సెళ్లు. పాత బాడీ అమ్మితే వచ్చే డబ్బు, ఆ తేడాను పూడ్చే పెద్ద లెన్సు కొనడానికి ఏ మూలకూ చాలదు.